ఇల్లాలి పుట: కాచినను పోని విషము



గడచిన సంచికలో వేసవి కాలపు త్రాగునీటిని గూర్చి నేను వ్రాసిన నాలుగు మాటలను చదివి, నల్లగొండ ప్రాంతమునుండి యొక సోదరి యిట్లు ప్రశ్నించినది: “నీటిని కాచి చల్లార్చి త్రాగుట మంచిదని వ్రాసితిరి. మా అత్తగారు ముప్పది యేండ్లుగా అట్లే త్రాగుచున్నారు. అయినను వారి నడుము వంగిపోయినది. ప్రక్కకు చూడవలెనన్న మేనంతయు త్రిప్పవలసియున్నది. నీటిలోని ఫ్లోరైడే కారణమని వైద్యులనిరి. కాచిన నీటిలో అది యెట్లు మిగిలినది?”

కాచుటవలన చచ్చునవి సూక్ష్మజీవులు. కలరా, సన్నిపాతజ్వరము మొదలగు రోగముల బీజములు మరుగు నీటిలో బ్రతుకవు. ఫ్లోరైడు జీవి కాదు. ఉప్పువలె నీటిలో కరగియుండు పదార్థము. చారును ఎంతసేపు మరిగించినను అందులోని ఉప్పు పోవునా? మరిగిన కొలది చారు తగ్గి ఉప్పదనమే హెచ్చును. ఇదియు నంతే. ఆవిరియై పోవునది నీరు. ఫ్లోరైడు గిన్నెలోనే నిలుచును. వడియగట్టు బట్టకును, ఇసుకయు బొగ్గును నింపిన కుండలకును అది చిక్కదు.

సోదరి ప్రశ్నకు సమాధానమింతే. కాని ఆ అత్తగారి నడుము వెనుక ఎనుబదియేండ్లకు మించిన చరిత్ర గలదు. అందులో ప్రభుత్వములు చేసినవియు, చేసి విడిచినవియు గలవు. బిందె యొద్ద నిలిచి ఆ చరిత్రను చూచినవారు తక్కువ గనుక ఈ మాసపు పుటనంతయు దానికే వినియోగించుచున్నాను.

భాగవతములోని కాళియుని మడుగును తలచుకొనుడు. ఆ నీటిని త్రాగి ఒరిగినవి ఆవులు. వానితోడ వాటిని మేపు బాలురు. అయితే ఆ మడుగు తన విషమును దాచుకొనలేదు. పైనుండి పోవు పక్షులు కూలెడివి. గట్టుమీది చెట్లు మాడెడివి. చూచినవాడు తొలగిపోవచ్చును. మన మెట్టభూములలోని యీ విషమునకు అట్టి గుర్తొక్కటియు లేదు. రంగు లేదు, వాసన లేదు. నాలుకకు తెలియదు. అద్దమువలె తేటగానున్న నీటిలోనే అది యుండవచ్చును. చూచుటకు మురికిగానున్న చెరువు నీటిలో లేకపోవచ్చును. ఇంటి నీటి మంచిచెడ్డలను కంటితోను నోటితోను నిర్ణయించుట తరతరములుగా మన ఆడువారి విద్య. ఈ యొక్క విషయమున ఆ విద్య పనిచేయదు.

ఇచ్చటను ముందుగా ఒరిగినవి పశువులే. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా మెట్టలలో రైతులు తమ యెద్దులు కాళ్ళు బిగిసి నడువలేకపోవుటను చూచి వింతపడిరి. పిదప మనుష్యులలోను అదే బిగువు కానవచ్చెను. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు ఆ జిల్లా ప్రజల వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్య పత్రికలో ప్రకటించిరి. హైదరాబాదు సంస్థానమున చేరియుండిన నల్లగొండ జిల్లాలోని యిదే వ్యాధిని గూర్చి 1955లో సిద్దికీ అను వైద్యుడు ఇంగ్లండులోని బ్రిటిషు మెడికల్ జర్నలులో వ్రాసెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మోకాళ్ళు లోనికి వంగి ఒకదానికొకటి రాచుకొను బాలురను గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. తెలియక జరిగినదని చెప్పుటకు వీలులేదు.

ఈ ఫ్లోరైడు ఎవరో తెచ్చి పోసినది కాదు. కర్మాగారముల మురుగువలన చెడు నీళ్ళు వేరుగా గలవు. వానిని గూర్చి మఱియొకప్పుడు వ్రాసెదను. ఇది నేలలోని గ్రానైటు శిలలనుండి ఊరునది. ఫ్లోరైటు, అపటైటు, అభ్రకపు జాతి ఖనిజములు ఆ శిలలలో నున్నవి. వర్షము తక్కువయై, ఎండ యెక్కువయై, నీరు రాతి పగుళ్ళలో చిరకాలము నిలిచినచోట అది మెల్లగా కరగి నీటిలో చేరును. నీటిలో సున్నపు ధాతువు తక్కువగానున్నచో ఇంకను సులభముగా చేరును.

ఎంత చేరిన కీడు? లీటరు నీటికి 1 మిల్లీగ్రాము వరకు మేలనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థవారి నిర్ణయము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి హద్దును 1.5 మాత్రమే. పదునైదు లీటర్ల బిందెడు నీటిలో అయిదారు ఆవగింజల బరువు చేరిన హద్దు నిండినదన్నమాట. నల్లగొండ మెట్టలలో అయిదు, ఆరు మిల్లీగ్రాములును, అంతకు మించియు గల బావులు కనబడినవి.

ఆ కొంచెమే దినదినము దేహమున చేరి ఎముకలను పట్టుకొనును. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు చిగుళ్ళ లోపల స్థిరదంతములు తయారగుచుండును గనుక ముందుగా అవి చెడును. సుద్దమచ్చలు, పసుపు గీతలు, పిదప గోధుమరంగు గంట్లు. అవి తోమిన పోవునవి కావు. పంటిపొడి లోపమును కాదు. మావారు ఉపాధ్యాయులు. అట్టి యూరి పాఠశాలలో కొన్నేండ్లు పనిచేసినప్పుడు, నవ్వు వచ్చిన వెంటనే చేయి అడ్డముగా పెట్టుకొను ఆడుపిల్లలను తరగతికి పదిమందిని చూచితినని చెప్పెడివారు. పెండ్లిచూపులలో నోరు తెరువని పిల్లను గర్విష్ఠి యని వెనుదీసినవారును గలరు. ఇక పెద్దవారికి నడుమును, మెడయు, కీళ్ళును బిగియును; నరములు ఎముకల నడుమ నలుగును. ఇట్లు వంగిన వెన్నును తిరిగి నిలుపు మందు లేదు.

ఇపుడు ప్రభుత్వము చేసిన పనికి వచ్చెదను. ఇందు మొదటిది చిత్రమైనది: మేలు కోరి చేసిన పనియే కొన్ని యూళ్ళలో కీడును లోతు చేసినది. దిగుడుబావుల నీటిలో నారికురుపు పురుగులుండెడివి, కలరా యుండెడిది. 1966–67 నాటి ఉత్తరదేశపు కరవు మొదలుకొని యూనిసెఫ్ సాయముతో యంత్రములు తెచ్చి గట్టి రాతిలో బోరుబావులు త్రవ్వి చేతిపంపులు పెట్టించిరి. దానివలన కలిగిన మేలును తక్కువగా చెప్పరాదు. నారికురుపు మన దేశమున లేకుండ పోయినదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు నిర్ధారణ చేసిరి. కాని గ్రానైటు మెట్టలలో ఆ గొట్టము లోతునకు పోయిన కొలది, రాతిలో చిరకాలము నిలిచిన నీరు పైకి వచ్చెను. పురుగు లేని నీరని ఆనందించి త్రాగిన నీటిలో పురుగులేనిదే విషము. పంపును పెట్టినవారు పురుగునే పరీక్షించిరి గాని ఫ్లోరైడును కొలువలేదు.

రెండవది నల్లగొండ పద్ధతి. నాగపురములోని జాతీయ పరిసర యంత్రశాస్త్ర పరిశోధన సంస్థ గలదు. దాని పేరును కుదించి నీరి యందురు. ఎంత యొప్పిన పేరో చూడుడు. ఆ సంస్థవారు 1970ల నాటికి తీర్చిన ఉపాయమునకు ఈ జిల్లా పేరే పెట్టిరి. గోదావరి క్రొత్తనీటిని పటికతోనో, ఇండుపగింజ అరగదీసియో తేర్చుట మన పెద్దలెరిగినదే. ఇదియు దానికి చుట్టమే. నీటిలో కొలత ప్రకారము సున్నమును, పటికను, కొంచెము బ్లీచింగు పొడిని వేసి, మొదట వడిగాను పిదప మెల్లగాను కలిపి, ఒక గంటసేపు కదల్పకుండ నుంచవలెను. పటిక దూదిపింజలవలె విడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. అడుగును కదల్పకుండ పైతేటను తీసికొనవలెను. ఊరికంతటికి తొట్లలోను, ఇంటికి బకెట్టులోను చేయవచ్చును. ఈ పద్ధతి సముద్రము దాటి టాంజానియా, ఇథియోపియా దేశములకును పోయినది.

పేరు అంత దూరము పోయినను, నల్లగొండలో నడుములు వంగుట మానలేదు. ఎందువలన? దీనికి శాస్త్రపండితుల సమాధానమొకటి గలదు, వంటింటి సమాధానమొకటి గలదు. పటిక యెంత వేయవలెనో నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారమును బట్టి మారును; వేసవికొక కొలత, వానకాలమునకొక కొలత. తక్కువైన ఫ్లోరైడు పోదు. ఎక్కువైన నీరు వగరై, పటికలోని అల్యూమినియము మిగులును. అడుగున దిగిన మడ్డిలో విషమంతయు చేరియుండును. దానిని ఎచ్చట పారబోయుట? ఇదంతయు పండితుల మాట. వంటింటి మాట యేమనగా, తెల్లవారుజామున లేచి కసవూడ్చి, పాలు పితికి, పొలము కూలికి పోవలసిన స్త్రీ దినమునకు రెండు మారులు బకెట్టు ముందు కూర్చుండి పటికను తూచి గంటసేపు కాచుకొనజాలదు. ఊరి తొట్టికి మనిషిని పెట్టిరి. అతని జీతము ఆగిన దినమున తొట్టియు ఆగినది. కట్టించుటకు ధనమున్నది, నడిపించుటకు లేదు. ఈ వ్యాధి చరిత్రలో నాకు కనబడు అసలు లోపమిదియే. శాస్త్రము వచ్చినది, యంత్రము వచ్చినది. ప్రతిదినము వచ్చి చూచు మనిషి రాలేదు.

ఇట్లు గడువగా 1996 లోకసభ ఎన్నికలలో నల్లగొండవారు చేసిన పని దేశమంతయు చూచినది. ఆ యొక్క స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో చాలమంది గెలుపు కోరి నిలువలేదు; ఫ్లోరైడు లేని నీటిని కోరి జలసాధన సమితి పక్షమున నిలిచిరి. ఓటు కాగితము పుస్తకమైనది. ఢిల్లీలో దీనికి దొరకిన మొదటి సమాధానమేమో విందురా? అదే సంవత్సరమున చట్టమును మార్చి లోకసభ అభ్యర్థి కట్టవలసిన ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచిరి. దానికి వేరు కారణములును చెప్పెదరు. నిలిచినవారు నీళ్ళడుగగా వచ్చినది ధరావతు.

నాగార్జునసాగరము ఈ జిల్లా అంచుననే యున్నది. 1967లోనే దాని కాలువలకు నీరు విడిచిరి. 2004లో జిల్లాలోని అక్కంపల్లి జలాశయమునుండి హైదరాబాదు నగరమునకు కృష్ణనీటి గొట్టములు సాగినవి. నగరవాసుల దప్పి తీరుట తప్పని నేననను. కాని మర్రిగూడ, మునుగోడు మెట్టల స్త్రీ బోరుపంపు కొట్టుచుండగా ఆమె జిల్లామీదుగనే ఆ నీరు పోయినది.

అంతటను మేలు జరుగలేదని చెప్పుటయు ధర్మము కాదు. 2008–09లో కేంద్రప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమము నారంభించి, మొదట తీసికొన్న కొద్ది జిల్లాలలో నెల్లూరును చేర్చినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప, 2015 జూన్‌లో చౌటుప్పలు వద్ద స్తంభము నిలిపి, 2016 ఆగష్టు 7న గజ్వేలు సమీపమున కోమటిబండలో ప్రారంభించిన మిషన్ భగీరథ అన్నిటికంటె పెద్ద ప్రయత్నము. రాతిలోని నీటిని శుభ్రపరచు మాటను విడిచి, కృష్ణా గోదావరుల నీటినే తేర్చి గొట్టములలో ఊరూరికి పంపుట దీని మార్గము. ఇది సరియైన మార్గమని నా యభిప్రాయము. విషమును ప్రతి యింటిలో తీయించుటకంటె విషము లేని నీటిని తెచ్చుట మేలు.

పేరు పెట్టినవారు ఆలోచించి పెట్టిరో లేదో గాని, భగీరథుని కథ దీనికి అతికినట్లున్నది. అంశుమంతుడు తపస్సు చేసి పోయెను, దిలీపుడు చింతించి పోయెను. మూడవ తరమున గంగ దిగినది. 1937నుండి 2016 వరకు లెక్కించినను తరములు మూడే. గంగ వచ్చునప్పటికి సగరపుత్రులు బూడిదయై యుండిరి. మన సోదరి అత్తగారి వంటివారికి గొట్టపు నీరు అట్లే వచ్చినది. నీరు వచ్చినదని లెక్క వ్రాసికొనునప్పుడు, ఇదివరకే వంగినవారి పింఛను, వైద్యము, ఊతకర్ర, నడువలేని వారికి మరుగుదొడ్డి — వీనిని వేరు పద్దుగా వ్రాయవలెను. మొదటి పద్దు ముగిసినదని రెండవది కొట్టివేయదగదు.

ఈ మెట్టలకు కృష్ణను మఱియొక త్రోవను తేవలెనని త్రవ్వుచున్న శ్రీశైలము ఎడమగట్టు సొరంగము 2025 ఫిబ్రవరి 22న కూలి, లోపల చిక్కుకొనిన ఎనమండ్రు పనివారు బ్రతికి బయటపడలేదు. ఈ నీటికై వంగినవారే గాక ప్రాణములు విడిచినవారును గలరని జ్ఞాపకముంచుకొనుడు.

ఇక ఇంటి సంగతి. కుళాయి వచ్చిన ఇండ్లలో సయితము ఒక అలవాటును చూచుచున్నాను: త్రాగుటకు కుళాయి నీరో, కొనితెచ్చిన డబ్బా నీరో, వంటకు మాత్రము బోరు నీరు. ఎసరునందలి నీటిని బియ్యము పీల్చుకొనునప్పుడు అందలి ఫ్లోరైడును గింజలోనికి పోవును. పప్పు, చారు, తేనీరు అన్నియు నీళ్ళే. తేయాకులో స్వతహాగానే ఫ్లోరైడు గలదు. బోరు నీటితో దినమునకు నాలుగు మారులు కాచుకొనిన రెండింతలగును. కావున కుండలోని నీరు ఎంత ముఖ్యమో ఎసరు నీరు నంతే ముఖ్యము. బోరు నీటిని బట్టలకు, స్నానమునకు, అంట్లకు విడువవచ్చును. చర్మముద్వారా అది హానిచేయునంతగా లోనికి పోదు.

రివర్స్ ఆస్మాసిస్ యంత్రము ఫ్లోరైడును తీయును, అది నిజమే. కాని లోపలి పొర అరిగిపోయినను నీరు తేటగానే వచ్చుచుండును గనుక, ఎప్పుడు మార్చిరని డబ్బావానిని అడుగుట మీ హక్కు. ఆ యంత్రము విడిచిన వ్యర్థజలములో ఫ్లోరైడు చిక్కగా నుండును. దానిని పశువుల తొట్టిలో పోయకుడు.

ఆహారమున పాలు, మజ్జిగ, తైదలు, నువ్వులు, ఆకుకూరలు సున్నపు ధాతువునిచ్చును. ఉసిరి, నిమ్మ, జామపండ్లు మేలు. గర్భిణికిని పాలిచ్చు తల్లికిని పసివారికిని ఇవి ముందుగా దక్కవలెను; మగవారు తిన్న పిదప మిగిలినది కాదు. చింతపండును గూర్చి 2002లో జాతీయ పోషకాహార సంస్థవారు ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 దినములు పెట్టగా మూత్రమున ఫ్లోరైడు ఎక్కువగా వెడలినది. మన పులుసు కొంత మేలు చేయుచుండవచ్చును. అయితే చెడ్డ నీటితో పులుసు కాచి మందని నమ్మరాదు.

ఆ సోదరి ఇంకొక మాటయు అడిగినది: తమ పెరటి బోరు నీటిని ఎవరిచేత పరీక్ష చేయింపవలెనని. 2019లో మొదలైన జలజీవన్ మిషనులో ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పి, పరీక్షపెట్టె ఇయ్యవలెనను నియమమున్నది. నీటిలో మందుబొట్లు వేసి, మారిన రంగును పటముతో పోల్చిచూచుటయే దానిలోని పని. చదువు వచ్చిన ఏ ఇల్లాలైనను ఒక పూటలో నేర్చుకొనగలదు. మీ యూరిలో ఆ అయిదుగురు ఎవరో పంచాయతీ కార్యాలయమున విచారింపుడు. ఎవరును లేరన్నచో మీ పేరు ఇండు. పెట్టె ఉండి మందు అయిపోయినదన్నచో, ఎప్పటినుండి లేదో వ్రాతమూలముగా అడుగుడు.

సరియైన అంకె కావలెనన్న జిల్లా కేంద్రములోని ప్రభుత్వ నీటి పరీక్షాశాలకు పంపవలెను. పంపును అయిదు నిమిషములు విడిచి, పాత నీరు పోయిన పిదప పట్టుడు. సీసాగాజు వలదు, ఫ్లోరైడుకు గాజుతో చేరిక గలదు గనుక శుభ్రమైన ప్లాస్టిక్ సీసా మేలు. దానిని అదే నీటితో మూడు మారులు తొలిచి, లీటరు నింపి, గట్టిగా బిరడా బిగించి, ఊరు, బోరు లోతు, తేదీ వ్రాసి అంటింపుడు. నడివేసవిలో ఒకసారియు వానలు వెలసిన పిదప ఒకసారియు పంపిననే నిజము తెలియును. రెండు అంకెలు ఒక్కటిగా నుండవు. కుళాయి నీటిని కూడ ఒక సీసా పంపుడు. గొట్టము పగిలిన దినములలో ఊరి తొట్టిలోనికి బోరు నీటిని ఎక్కించు ఆచారము కొన్నిచోట్ల గలదు.

ఫలితపు కాగితము వచ్చినవారు ఆ అంకెలను ఈ పుటకు వ్రాసినచో, ఏ నీరు దేనికి వాడవచ్చునో వచ్చు సంచికలలో ఊరివారీగా చెప్పెదను. సోదరి అత్తగారి మెడనొప్పికి నూనె మర్దనము మానవలసిన పనిలేదు. ఎముకను బలముగా విరిచి సరిచేసెదమను వారి చేతికి మాత్రము ఇయ్యకుడు.